రేవు బిళ్ళను తోమిన చేతులు

ఆ పని నేను ఎంత శ్రద్ధగా చేసేదాన్నో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. నిర్లక్ష్యంగా చేసి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదేమో. దొంగకైనా తెలిసి చేశానన్న ధైర్యం ఒకటి ఉంటుంది. నేను మాత్రం చింతపండు నానబెట్టి, కొంగు బిగించి, పదకొండు దసరాలు వరుసగా ఒక మనిషి పేరును నా చేతులతో నేనే చెరిపేశాను. పైగా చూసినవాళ్ళందరితో భలే చేశావని అనిపించుకున్నాను.

నేను పనిచేసేది ఒక చిన్న మ్యూజియంలో. తుంగభద్ర ఒడ్డున, మంత్రాలయం పోయే దారిలో, ఒకప్పుడు పెద్ద రేవుగా బతికిన ఊరు ఇది. ఇప్పుడు వంతెన మీద బస్సులు పోతుంటాయి. కింద ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకా బండలే. వంతెన లేని కాలంలో మాత్రం పత్తి మూటలు, గొర్రెల మందలు, పెళ్ళివాళ్ళు, అందరూ ఈ రేవులోనే పుట్టి ఎక్కి అవతలికి దాటాలి. పుట్టి అంటే వెదురుబద్దలతో బుట్టలా అల్లి, అడుగున తోలు కప్పిన గుండ్రటి పడవ. దాటేవాళ్ళ దగ్గర సుంకం తీసుకునే రాతి కచేరీనే ఇప్పటి మా మ్యూజియం. మూడు గదులు. ఒకదాంట్లో పైకప్పుకు వేలాడగట్టిన పాత పుట్టి, ఒకదాంట్లో శాసనాలు, పోరులో పడ్డవాళ్ళ గుర్తుగా నిలిపిన వీరగల్లులు. మూడో గదిలో అద్దాల పెట్టెలు, వాటిలో రేవు సామాను: గంట, దీపం, కొలత పాత్రలు, తుప్పు పట్టిన రెండు కత్తులు, ఒక ఇత్తడి బిళ్ళ.

నేను అటెండర్ని. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. అంటే ఏడాదికోసారి కొనసాగింపు కాగితం వస్తేనే జీతం, ఆ కాగితం వచ్చేదాకా గుండె గుప్పిట్లో పెట్టుకుని ఉండాలి. తలుపులు తీస్తాను, ఊడుస్తాను, టికెట్లు చింపుతాను, బడిపిల్లలు గుమ్మం పక్కనున్న ఫిరంగి గుండ్లు ఎత్తబోతే గట్టిగా అరుస్తాను. ‘వస్తువులను తాకరాదు’ అని గోడల మీద ఉన్న కాగితాలన్నీ మైదా ఉడికించి అంటించింది నేనే. మా అధికారికి ఇలాంటివి మూడు మ్యూజియాలు. ఆయన్ని సార్ అంటాం. కర్నూలు నుంచి వారానికొకసారి వస్తారు. మిగతా రోజులు ఆ కచేరీకి దొరసానిని నేనే.

మా పుట్టిల్లు ఆలూరు వైపు. వాన పడితే శెనక్కాయ, పడకపోతే ఆకాశం వైపు చూపు. తాగే నీళ్ళకు మైలు దూరం పోయినా సరే, మా అమ్మకు ఇత్తడి బిందె మాత్రం ధగధగలాడాలి. తోమి బోర్లించాక బొటనవేలు పెట్టి రుద్ది చూసేది. వేలికి నలుపు అంటిందా, వీపు మోగిందే. “ఇత్తడి నల్లబడితే ఇల్లు నల్లబడతాది మే” అనేది. నాకు పెళ్ళయి ఇన్నేళ్ళయినా మాసిన చెంబును చూస్తే వీపు చురుక్కుమంటుంది. భక్తి కాదు అది, భయం. ఆ భయంతోనే నేను మంచి పనిమంతురాలినని పేరు తెచ్చుకున్నాను.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకే దసరా వచ్చింది. మా వైపు ఆయుధ పూజ నాడు ఆటో నుంచి కుట్టు మిషను దాకా దేన్నీ వదలరు. ఆఫీసుల్లో స్టాంపులకు కూడా బొట్టు పెడతారు. మా దగ్గర నిజంగానే ఆయుధాలున్నాయి, ఊరుకుంటామా? సార్‌ని అడిగితే “చేసుకోమ్మా, చూసి జాగ్రత్తగా” అన్నారు. తుప్పు పట్టినా కత్తులు కత్తులేనని జంకి, వాటికి దూరం నుంచే కుంకుమ పెట్టాను. ఇప్పుడు చూస్తే ఆ కత్తులే బతికిపోయాయి. ఇత్తడి సామానును మాత్రం పెట్టెల్లోంచి తీసి, వెనక కుళాయి దగ్గర పీట వేసుకుని, చింతపండు గుజ్జు, మెత్తటి ఇటుక పొడి, కొబ్బరి పీచు పెట్టి నల్లదనమంతా పోయేదాకా తోమాను. ఎండలో ఆరబెట్టి, పసుపు కుంకుమలు పెట్టి మళ్ళీ అద్దాల్లో సర్దాను. మరుసటి వారం సార్ వచ్చి “ఏమ్మా, కొత్తవి కొనుక్కొచ్చి పెట్టావా?” అని నవ్వారు. ఆ ఒక్క మాట నాకు పదకొండేళ్ళు సరిపోయింది.

ఆ బిళ్ళ సంగతి చెప్పాలి. అరచేతంత ఉంటుంది, పైన రెండు తూట్లు. రేవులో పుట్టి తోలే హక్కు ఉన్నవాడికి తెల్లదొరల కాలంలో ఇచ్చిన గుర్తు. బిళ్ళబంట్రోతు బిళ్ళ లాగే దారం కట్టి భుజాన వేసుకునేవాళ్ళట. పెళ్ళి చెంబుల మీద చుక్కలు కొట్టించి పేర్లు రాయిస్తాం కదా, అట్లాగే దాని మీద చుక్కల అక్షరాలు ఉండేవి. పైన తెలుగులో, కింద ఉర్దూలో. ఉన్నాయని నాకు తెలుసు. చదివానా అంటే లేదు. రోజూ నీళ్ళు తాగే చెంబు మీద ఏ పేరుందో ఎవరు చదువుతారు?

దాన్ని మ్యూజియానికి ఇచ్చిన పెద్దాయన రేవు మెట్ల పక్కనున్న గుడిసెల్లోనే ఉంటాడు. నేను చేరకముందే ఇచ్చాడు. ఆ రేవులో చివరిదాకా పుట్టి తోలిన ఇల్లు వాళ్ళది. వయసులో ఆయన కూడా తోలాడు. ఇప్పుడు నదిలో నీళ్ళున్నన్నాళ్ళు చేపలు పడతాడు, లేనన్నాళ్ళు వలలు అల్లి ఇస్తాడు. కళ్ళకు పొర. దసరా మరునాడు ప్రతి ఏడూ వచ్చి, ఆ అద్దం ముందు చెప్పులు విప్పి నిలబడి దండం పెట్టుకునేవాడు.

“బద్రంగా ఉండాదామ్మా?” అనేవాడు.

“ఉండాది పెద్దాయనా. బంగారం మాదిరి మెరిసిపోతాండాది.”

“ఏంటికమ్మా నీకంత కష్టం. ఊరికే ఉండనీరాదా.”

మర్యాదకు అంటున్నాడనుకునేదాన్ని. ఇంకాస్త పొంగిపోయి, వచ్చే ఏడు ఇంకాస్త గట్టిగా తోమేదాన్ని.

పోయిన ఏడు ఎండాకాలంలో పైనుంచి ఆర్డరు వచ్చింది, మ్యూజియంలో ఉన్న ప్రతి వస్తువునూ ఫోటో తీసి కంప్యూటర్లో ఎక్కించాలని. సార్ ఆ ఫోటోల పని నాకు చెప్పారు. బీరువాలో ప్రతి వస్తువుకూ ఒక అట్ట కార్డు ఉంటుంది. వస్తువు ఎవరిచ్చారు, ఎలా ఉంది అన్న వివరం, పక్కన అంటించిన పాత ఫోటో. వస్తువును తెల్లగుడ్డ మీద పెట్టి, పక్కన కార్డు పెట్టి, నా ఫోనుతో తీస్తూ పోయాను. గంట అయింది, దీపం అయింది. తర్వాత బిళ్ళ.

కార్డు మీది ఫోటోలో బిళ్ళ నల్లగా ఉంది. ఆ నలుపులో రెండు వరుసల చుక్కలు తెల్లగా, ముగ్గు పెట్టినట్టు కనబడుతున్నాయి. తెలుగు వరుస చదివాను. ఒక మనిషి పేరు, రేవు పేరు, పుట్టి నంబరు. తర్వాత గుడ్డ మీదున్న బిళ్ళను చూశాను. అది అద్దంలా మెరుస్తోంది. అందులో నా ముఖం తప్ప ఇంకేమీ లేదు.

మొదట కార్డు మారిపోయిందనుకున్నాను. నంబరు సరిచూశాను. అంచున ఒక చిన్న నొక్కు ఉంది, ఫోటోలోనూ ఉంది. బిళ్ళను కిటికీ దగ్గరకు తీసుకుపోయి ఏటవాలుగా పట్టి చూశాను, ఫోను లైటు వేసి చూశాను. చివరికి ఇంటికి పరుగెత్తి ముగ్గుపిండి తెచ్చి రుద్దాను. చుక్కలు మిగిలి ఉంటే పిండి పట్టుకుంటుంది కదా అని. కింది వరుసలో నాలుగైదు చోట్ల పట్టింది, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. గడపలో కూర్చుంటే ఎదురుగా నేనే అంటించిన కాగితం: వస్తువులను తాకరాదు.

అప్పుడే సార్‌కి ఫోను చేసి ఉండాల్సింది. చేయలేదు. నా ఉద్యోగం కాగితం ఆ నెలలోనే రావాలి. ఉద్యోగం పోతుందని ఒక భయం, జీతంలో కోస్తారని ఒక భయం, జైల్లో వేస్తారేమోనని ఇంకో భయం. ఏ భయం ముందు పుట్టిందో చెప్పలేను. కార్డును చీర మడతలో దోపి, టిఫిను సంచిలో అడుగున పెట్టి ఇంటికి తెచ్చేశాను. వంటింట్లో డబ్బాల బల్ల మీద పరిచిన పేపరు కింద దాచాను, సరిగ్గా ఉప్పు డబ్బా కింద. అంతకంటే తెలివితక్కువ చోటు ఉండదు. రోజుకు మూడుసార్లు ఉప్పు తీయాలి. తీసినప్పుడల్లా ఆ పేపరు సర్దేదాన్ని.

తర్వాతి వారం సార్ వచ్చి ఫోటోలు కంప్యూటర్లో ఎక్కిస్తూ, ఒక్కోదానికీ వివరం టైపు చేస్తున్నారు. బిళ్ళ ఫోటో తెర మీదకు వచ్చింది.

“దీనిమీద రాత ఏమైనా ఉందామ్మా?”

“ఏం కనపడదు సార్” అన్నాను.

అది అబద్ధం కాదు. నిజంగానే ఏమీ కనపడదు. ఆయన ‘ఇత్తడి బిళ్ళ, రాత లేదు’ అని టైపు చేసి, నెక్స్ట్ అన్నారు. అంతే, ఆ పేరు కంప్యూటర్లోనూ లేకుండా పోయింది. కాగితం కూడా ఆ నెలలోనే వచ్చింది. నా భయం కాస్త నెమ్మదించింది కూడా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నెమ్మదించిన మాట నిజం. ఆ దసరాకు ఇంట్లో పెళ్ళి ఉందని సెలవు పెట్టేశాను. మరునాడు పెద్దాయన వస్తే తాళం వేసి ఉండి ఉంటుంది.

ఆయన మళ్ళీ వచ్చింది చలికాలంలో, ఒక శుక్రవారం. అదృష్టమో దురదృష్టమో, సార్ ఉన్న రోజే. చేతిలో మడతలు పడ్డ దరఖాస్తు.

“సార్, ఒగ కాగితం రాసియ్యల్ల మీరు. రేవు మెట్లు పెద్దగా కడతారంట. మా గుడిసెలు తీయల్లంట. రేవు మీద బతికినోళ్ళకు ఇంటి జాగాలు ఇస్తారంట గానీ, రేవు మీద బతికినామని గుర్తు చూపియ్యల్లంట. నా కాడ ఏముండాది సార్? ఉండేదొక్కటి మీ కాడ పెట్టినా.”

సార్‌కి ముసలివాళ్ళంటే గౌరవం. కుర్చీ వేయించారు. తప్పకుండా రాసిస్తానన్నారు. నన్ను పిలిచి బిళ్ళ తెమ్మన్నారు. పెట్టె తాళం తీసి తెచ్చి ఇచ్చాను. సార్ బిళ్ళను అటూ ఇటూ తిప్పి చూశారు.

“పెద్దాయనా, దీనిమీద రాతేమీ లేదే.”

ఆయన నవ్వాడు. సార్ పరిహాసమాడుతున్నారనుకున్నాడు. “ఉండాది సార్. మా జేజినాయనకు నాయన పేరు. నాకు సదువు రాదు. చిన్నప్పట్నుంచి యేలితోనే తడిమి సదివేవాన్ని. ఇట్ల ఇయ్యండి.”

సార్ బిళ్ళను ఆయన చేతిలో పెట్టారు. ఆయన బొటనవేలు దాని మీద ఒకసారి పోయింది. మళ్ళీ పోయింది. ఆగింది. బిళ్ళను బల్ల మీద పెట్టేసి లేచి నిలబడ్డాడు.

“ఇది మాది కాదు సార్.”

“అదేంటి, మీదే కదా.”

“కాదు. మాది గరుగ్గా ఉంటాది. ఇది నున్నగా ఉండాది. ఎవురో మార్చినారు.”

సార్ కుర్చీలోంచి లేచారు. మ్యూజియంలో వస్తువు మారిందంటే దొంగతనం. దొంగతనమంటే పోలీసులు, విచారణ, పేపర్లో వార్త. ఆయన నావైపు తిరిగి “కార్డు తీసుకురామ్మా, ఫోటోతో సరిచూద్దాం” అన్నారు. బీరువా తెరిచి, కార్డులన్నీ తిరగేస్తున్నట్టు నటించాను. అంతసేపూ ఆ కార్డు మా ఇంట్లో ఉప్పు డబ్బా కింద ఉందని నాకు తెలుసు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు కొంగు సర్దుకుంటూ వచ్చి, “కనబడలేదు సార్” అన్నాను. ఇది మాత్రం అబద్ధం.

పెద్దాయన నావైపు చూశాడు. పొర కమ్మిన కళ్ళు, నేను ఎంతవరకు ఆనానో తెలియదు. “నువ్వుండావని ధైర్యంగా ఉంటిని గదమ్మా” అన్నాడు. కోపంగా కాదు. వెళ్ళిపోయాడు. సార్ నాతో అన్నారు, “సోమవారం దాకా వెతుకు. దొరక్కపోతే నేను పోలీసులకు రాయాల్సిందే. నా చేతుల్లో లేదు.”

ఆ శనివారం ఎలా గడిచిందో చెప్పలేను. తేలు కుట్టిన దొంగకు అరవడానికి కూడా ఉండదంటారే, నా పని అదే. మా ఆయన మంత్రాలయం యాత్రికులకు ఆటో తోలతాడు. పొద్దున సంగటి తింటూ నా ముఖం చూసి ఏమైందన్నాడు. అంతా చెప్పేశాను.

“నోరు మూసుకోని ఉండు మే” అన్నాడు. “ఆ కార్డు పొయ్యిలో పెట్టు. ఎవురడిగినా తెల్దను. ఆయప్ప బిళ్ళకు నువ్వేమన్నా కాపలానా?”

“కాపలానే గదప్పా నా ఉద్యోగం.”

ఆయన పళ్ళెం పక్కకు జరిపాడు. “ఉద్యోగం పోతే పిల్లోల్ల ఫీజులు యాడినుంచి కడతాం?” అన్నాడు. ఆయనకూ భయమే. ఇంట్లో ఇద్దరికి ఇద్దరం పిరికివాళ్ళం, ఇంక ధైర్యం ఎవరి దగ్గర అప్పు తెచ్చుకోవాలి? గ్యాస్ పొయ్యి వెలిగించి కార్డును మంట దాకా తీసుకుపోయాను. ఫోటోలో ఆ చుక్కలు కనబడ్డాయి. ఆ పేరు ఇక మిగిలింది ఈ అట్ట మీదే. ఒకసారి చింతపండుతో చెరిపాను, మళ్ళీ మంటతో కూడానా అనిపించి పొయ్యి ఆపేశాను. అయినా సార్‌కి చెబుతానన్న ధైర్యం మాత్రం రాలేదు. కార్డును మళ్ళీ పేపరు కిందికే తోశాను.

ఆదివారం మధ్యాహ్నం దుప్పట్లు ఉతకాలన్న నెపంతో రేవుకు పోయాను. ఇంట్లో కుళాయి ఉంది. నాకే తెలియదు ఎందుకు పోయానో. గుర్తు చూపించి ఇంటి జాగా ఖాయమైన గుడిసెల తలుపుల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేశారు. ఒకటి, రెండు, మూడు, అలా వరుసగా. పెద్దాయన తలుపు మీద నంబరు లేదు. దానికి ఇటూ అటూ ఉన్న గుడిసెలకు ఉంది.

ఆయన నీళ్ళ అంచున తడి ఇసుకలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక పుల్ల. దానితో ఇసుకలో చుక్కలు గుచ్చుతున్నాడు. ఒక చుక్క గుచ్చి, బొటనవేలితో తడిమి, కాదని తల ఊపి చెరిపి, మళ్ళీ గుచ్చుతున్నాడు. చదువు రాని మనిషి. చిన్నప్పుడు వేలితో తడిమిన గుర్తును బట్టి ఆ పేరును మళ్ళీ రాయాలని చూస్తున్నాడు. నేను వెనక నిలబడి చూశాను. మొదటి అక్షరం సరిగ్గా వచ్చింది. కార్డు చూసినదాన్ని కదా, నాకు తెలిసింది. రెండో అక్షరం సగం వచ్చి అక్కడ ఆగిపోయాడు. ఎంతసేపు చూసినా మిగతా సగం ఆయన వేలికి గుర్తు రాలేదు.

నేను వచ్చానని ఆయనకు తెలియదు. దుప్పట్లు తడపకుండానే ఇంటికి వచ్చేశాను.

సోమవారం పొద్దున్నే కార్డు టిఫిను సంచిలో పెట్టుకుని బయల్దేరాను. మా ఆయన గడపలో నిలబడి చూశాడు, ఆపలేదు. తర్వాత తానే మ్యూజియం దాకా ఆటోలో దించాడు. దిగేటప్పుడు “ఏడుస్తా చెప్పొద్దు, మామూలుగా చెప్పు” అన్నాడు. సార్ అప్పటికే వచ్చి, పోలీసులకు కాగితం రాస్తున్నారు. వేలిముద్ర కోసం పిలిపించిన పెద్దాయన కుర్చీలో ఉన్నాడు. నేను కార్డు తీసి బల్ల మీద పెట్టి, మా ఆయన చెప్పినట్టు మామూలుగా చెప్పాలని నోరు తెరిచాను. ఏడుపే వచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను. చింతపండు, ఇటుక పొడి, పదకొండు దసరాలు, ఉప్పు డబ్బా.

సార్ కళ్ళజోడు పెట్టుకున్నారు. కార్డును చూశారు, బిళ్ళను చూశారు, అంచున ఉన్న నొక్కును రెండింట్లోనూ వేలితో చూపించి బిళ్ళను పెద్దాయన చేతికి ఇచ్చారు. ఆయన ఆ నొక్కును తడిమి “ఇదే. మా నాయన బండ మీద పడేసినప్పటిది” అన్నాడు. సార్ తాను రాస్తున్న కాగితాన్ని చించేశారు. “నువ్వు తోమావు, నేను మెచ్చుకున్నాను. ‘రాత లేదు’ అని టైపు చేసింది కూడా నేనే. పైవాళ్ళకు సంజాయిషీ ఇద్దరం రాయాలమ్మా” అన్నారు. ఆయన కూడా భయపడుతున్నారు. సార్లకు భయాలుండవని అప్పటిదాకా నా నమ్మకం.

కార్డును స్కాన్ చేసి, దాని ఆధారంగా ఉత్తరం రాసి, ముద్ర వేసి ఇచ్చారు. పెద్దాయన అందుకుని నాతో “సదువమ్మా” అన్నాడు. నేను ఆ పేరు పైకి చదివాను. ఆయన నా వెంటే పలికాడు. మళ్ళీ చదవమన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు.

తర్వాతివి త్వరగా చెప్పేస్తాను. ఆయన తలుపు మీద కూడా ఎర్ర నంబరు పడింది. నాకు మెమో వచ్చింది. ఉద్యోగం ప్రస్తుతానికి ఉంది, వచ్చే కాగితం మాట నాకు తెలియదు. సార్ అడగకముందే పెట్టెల తాళంచెవి ఆయనకు ఇచ్చేశాను. ఈ దసరాకు అద్దం బయటే బొట్టు పెట్టాను. లోపల బిళ్ళ నల్లబడుతోంది. మొన్న ఒక టీచరమ్మ పిల్లల్ని తీసుకొచ్చి, “ఇంత మురికిగా పెట్టారేంటి, తోమేవాళ్ళు లేరా?” అంది. నా వీపు చురుక్కుమంది. చేతులు వెనక్కి కట్టుకుని గట్టిగా పట్టుకున్నాను.

ఆ సోమవారం పెద్దాయన వెళ్ళబోతుంటే గుమ్మం దాకా పోయి కాళ్ళ మీద పడబోయాను. ఆయన నా భుజం పట్టి ఆపాడు. తిడితే బాగుండునని మనసులో కోరుకున్నాను. తిట్టలేదు.

“మా ఇంట్ల గూడ ఆడోళ్ళు దసరా వస్తే సాలు, సింతపండేసి తోమేటోళ్ళమ్మా” అన్నాడు. “ఎంత సెప్పినా ఇనరు. ఏటికేడు అచ్చరాలు అరిగిపోతాండాయి. ఇంట్ల ఉంటే మిగలదని, ఎవురూ తాకకుండా ఉంటాదనే, తెచ్చి మీ కాడ పెట్టినా.”

ఉత్తరం నలగకుండా చొక్కా లోపల పెట్టుకుని, గోడ పట్టుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.